ఒకే ఇంటి మార్కా

బ్రాడీపేట, గుంటూరు
12 జూలై 2008

మస్తాన్‌బీ అక్కకు సఫూరా సలాం.

ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోను హాల్లో మా అత్తగారి కుర్చీ పక్కన ఉంటుంది. సెల్లు మా ఆయన జేబులో ఉంటుంది. ఇక నాకు మిగిలింది పోస్టుడబ్బా.

ఆరు నెలలుగా నెలసరి సరిగా రావడం లేదు. కూర్చున్న చోటే ఒంట్లోంచి సెగలు లేస్తాయి, జాకెట్టు తడిసిపోతుంది. కింద కొట్టుకి ఎండుమిర్చి దిగిన రోజు కదా, ఆ ఘాటేమో అనుకునేదాన్ని. మిర్చి యార్డుకి సెలవైన రోజు కూడా వచ్చేసరికి తెలిసింది, ఇది మిర్చి ఘాటు కాదు, నా ఘాటేనని. నవ్వకు. సెగ సంగతి ఎలాగో సర్దుకుంటాను, ముఖం సంగతే సర్దుకోలేకపోతున్నాను. నలభై ఆరేళ్ళకే రంగుపోయిన తాలుకాయలా అయింది. చెంపలు జారాయి, నోటి పక్కన గీతలు పడ్డాయి.

ఇక్కడ నాలుగో లైన్లో, కోచింగ్ సెంటరు మేడమీద కొత్త క్లినిక్కు ఒకటి పెట్టారు. డాక్టరు పేరు శ్యామ్ సుందర్. ముట్లుడిగే వయసు ఆడవాళ్ళకే ప్రత్యేకమట. మన చేతిలోంచి కాస్త రక్తం తీస్తాడు. మిషన్లో గిర్రున తిప్పుతాడు. పైకి తేలిన పసుప్పచ్చ నీటిని సన్నసూదులతో మన ముఖంలోకే ఎక్కిస్తాడు. క్రీముల్లాగా పైపూత కాదట, లోపల్నుంచి చర్మం మళ్ళీ పుడుతుందట. మిర్చి వ్యాపారస్తుల ఇళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు చేయించుకున్నారు. చూశాను. నిజంగానే తేడా ఉంది.

నేను చేయించుకుందామనుకుంటున్నాను. నువ్వైతే ముందు సవాలక్ష ప్రశ్నలు వేస్తావు. వెయ్యి. నీ ప్రశ్నలకి జవాబు దొరికితేనే నాకూ ధైర్యం.

కలీం బావకి సలాం చెప్పు. ఈ సంగతి మాత్రం చెప్పకు.

నీ చెల్లెలు
సఫూరా

*

దాచేపల్లి
21 జూలై 2008

చెల్లెలు సఫూరాకు అక్క మస్తాన్‌బీ దీవెనలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. అడగమన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆయన ఏం చదివాడు? గోడకి పట్టా తగిలించాడా, అందులో ఏం రాసుంది? మనిషికో కొత్త సూది మన కళ్ళముందు విప్పుతాడా? సూది పొడిచేది ఆయనా, కాంపౌండరా? నాలుగు వంకాయలు కొన్నా పుచ్చు చూసి కొంటాం. ముఖం విషయంలో తొందరెందుకు?

ఇంకొకటి. రక్తం మనకి అశుద్ధం. బయటికి వచ్చిన రక్తాన్ని మళ్ళీ ఒంట్లోకి ఎక్కించుకోవచ్చా? మసీదు హజరత్‌ని ఎవరి చేతనైనా అడిగించు. నాకు నరసరావుపేటలో గర్భసంచి తీసినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కిస్తే, అప్పుడు మన అమ్మ ఎంత నలిగిపోయిందో నీకు గుర్తుండే ఉంటుంది. ప్రాణం మీదికొచ్చింది కాబట్టి తప్పులేదన్నారు. ముఖానికి ప్రాణం మీదికి రాలేదు కదా.

నీకు ఇప్పుడు మొదలైన సెగలు నాకు ముప్పై నాలుగేళ్ళకే వచ్చి పోయాయి. సంచి తీసేస్తే అంతే. ఇక్కడ సగం మంది ఆడవాళ్ళది అదే కథ. కడుపు నొప్పి అని వెళితే సంచి తీసి పంపిస్తారు. దానికి తోడు ఈ ఊరి సిమెంటు దుమ్ము. సాయంత్రానికి ముఖం మీద గీత గీస్తే అచ్చు పడుతుంది.

మొన్న ఒక పెళ్ళికి వెళ్ళాం. ఫ్యాక్టరీలో మీ బావతో పనిచేసే ఏసోబు గారి భార్య సంతోషకుమారి నన్ను మొదటిసారి చూసింది. చాలా మర్యాదగా, "కలీం గారూ, అమ్మగారిని కూడా తీసుకొచ్చారా, మంచిపని చేశారు," అంది. మీ బావ సరిదిద్దలేదు. నవ్వి ఊరుకున్నాడు.

ఊరికే రాశాను. అది సంగతి కాదు. నా ప్రశ్నలకి జవాబులు రాయి.

మస్తాన్‌బీ

*

బ్రాడీపేట
24 ఆగస్టు 2008

అక్కా,

చేయించేసుకున్నాను!

పట్టా గోడకి ఉంది. ఇంగ్లీషులో ఉంది, అద్దం కట్టించారు, నాకంతే అర్థమైంది. సూది ప్యాకెట్టు నా ముందే చింపాడు. హజరత్‌ని అడిగించాను. పరాయి రక్తమైతే తప్పు, నీది నీకే వస్తే అది మందు కిందే లెక్క అన్నారట. ఇక నీకేం అభ్యంతరం?

మంట మాత్రం ఉందక్కా. పచ్చిమిర్చి కోసిన చేత్తో ముఖం రుద్దుకున్నంత మంట. డాక్టరు, "అమ్మా, ఓర్చుకోగలరా?" అన్నాడు. "మిర్చి కొట్టు మీద కాపురం చేసేదాన్ని, మీ మంట నాకేం లెక్క!" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. మూడోవారానికి చెంపలు నిండినట్టయ్యాయి. మా అత్తగారు అన్నం వడ్డిస్తూ ఆగి చూసి, "ఏమే, సబ్బు మార్చావా?" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నా ముఖం చూసి మాట్లాడటం అదే మొదలు.

ఇంకో విశేషం. నేను ఇప్పుడు క్లినిక్కులో పెద్దమనిషిని. నన్ను చూసి మనవాళ్ళు బయల్దేరారు. ఒక్కరే రావడానికి భయం కదా, ఇంటికి ఇద్దరు చొప్పున, తోడికోడళ్ళో అక్కచెల్లెళ్ళో జతగా వస్తున్నారు. అందరినీ ఒకే రోజు కూర్చోబెడితే రక్తం ట్యూబుల దగ్గర గందరగోళం. కాంపౌండరు దానయ్య తల పట్టుకున్నాడు. "ఇలా ఇవ్వయ్యా," అని మార్కరు తీసుకుని మన పద్ధతిలో మార్కాలు వేసేశాను. యార్డులో మిర్చి టిక్కీ బస్తాల మీద వేస్తాం కదా, ఏ ఇంటి సరుకుకి ఆ ఇంటి గుర్తు. ఒక ఇంటికి చేప, ఒక ఇంటికి తాళంచెవి. డాక్టరు ముచ్చటపడ్డాడు. "సఫూరా గారూ, మీరు లేకపోతే ఈ క్లినిక్కు నడవదండీ," అన్నాడు.

రంజాను అయ్యాక రా. నీకు నేను పక్కన కూర్చుంటాను. నా రెండో సిట్టింగూ అప్పుడే పెట్టించుకుంటాను. ఆ పెళ్ళి సంగతి 'ఊరికే రాశాను' అన్నావు చూడు, అది ఊరికే కాదని నాకు తెలుసు.

నీ సఫూరా

*

దాచేపల్లి
19 అక్టోబరు 2008

సఫూరాకు,

క్షేమంగా చేరాను. ముఖం మీద వాపు తగ్గింది. మీ బావతో పన్ను వాచిందని చెప్పాను. నమ్మాడు. అసలు చూశాడో లేదో.

నీ ఇంట్లో చెప్పలేకపోయిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు మిషను ఆగాక దానయ్య మన ట్యూబులు రెండూ చేత్తో పట్టుకుని, "ఇందులో పెద్దమ్మగారిది ఏదండీ?" అన్నాడు. రెండింటి మీదా ఒకటే గుర్తు. మన నాన్న మిర్చి మీద వేసే గుర్తు, సున్నా మధ్యలో అడ్డగీత. నువ్వు నవ్వుతూ, "ఏదైతే ఏంటయ్యా, ఒకే ఇంటి సరుకు," అన్నావు. ఆ గుర్తు చూడగానే నాకూ నాన్న జ్ఞాపకం వచ్చి నవ్వొచ్చింది. నేనూ ఏమీ అనలేదు. ఆయన ఒకటి నీకు, ఒకటి నాకు ఎక్కించాడు.

బస్సులో పిడుగురాళ్ళ దాటాక నాకు నవ్వు పోయింది. నాది నాకే వచ్చిందని చెప్పగలిగిన వాళ్ళు ఆ గదిలో ఎవరైనా ఉన్నారా? నీది నీకైతే మందు, పరాయిదైతే తప్పు అన్నారని నువ్వే రాశావు.

డాక్టరుని అడుగు. నవ్వులాటగా కాదు, ఎదురుగా కూర్చుని అడుగు. ఇకమీదట మనిషికో గుర్తు వెయ్యి.

మస్తాన్‌బీ

*

బ్రాడీపేట
2 నవంబరు 2008

అక్కా,

ఎంత కంగారు నీకు! అడిగాను. "ఒక తల్లి కడుపున పుట్టారు, ఇద్దరిదీ ఒకటే గ్రూపు. ఒకవేళ మారినా నష్టమేముందమ్మా? మనం ఎక్కించేది రక్తం కూడా కాదు, దాని మీద తేట," అన్నాడు. నాకు సబబుగానే తోచింది. మనం ఎప్పుడైనా ఇది నీ అన్నం, ఇది నా అన్నం అని తిన్నామా?

మార్కా ఎందుకు వేస్తాం చెప్పు. డబ్బు ఏ ఇంటికి పోవాలో తెలియడానికి. అన్నదమ్ముల సరుకు ఒకే గుర్తు కింద కలిసిపోతే యార్డులో ఎవరైనా ఏడ్చారా? మా ఆయన ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతిలో కొట్టు నడుపుతున్నాడు, ఒక్క తగాదా రాలేదు. దానయ్య మనిషికో గుర్తు వేయబోతే నాలుగో మనిషికే కలిపేశాడు. నా పద్ధతే నయం.

నిన్న పర్చూరు నుంచి రసూల్‌బీ, వాళ్ళ తోడికోడలూ వచ్చారు. రసూల్‌బీ నీకు తెలుసు, మన చిన్నప్పటి పక్కింటి పిల్ల, ఎప్పుడూ జామకాయలు దొంగతనం చేసేది. ఇప్పుడు వాళ్ళకి ముప్పై ఎకరాల పత్తి. "సఫూరా, నీ ముఖంలాగా చేయిస్తావా లేదా, లేకపోతే ఇక్కడే కూర్చుంటా," అని పట్టుబట్టింది. వాళ్ళింటికి గొడుగు గుర్తు వేశాను.

నీ ముఖం ఎలా ఉందో రాయవేం? నాది అద్దంలా ఉంది.

సఫూరా

*

దాచేపల్లి
20 నవంబరు 2008

సఫూరాకు,

నీ ఆరోగ్యం ఎలా ఉంది? ముఖం సంగతి కాదు, ఒంటి సంగతి అడుగుతున్నాను. ఆకలి ఎలా ఉంది? మూత్రం ఏ రంగులో వస్తోంది? సిగ్గుపడకుండా రాయి.

ఇక్కడ మా కాలనీలో కామెర్లు తిరుగుతున్నాయి. నువ్వు వచ్చి వెళ్ళకపోయినా జాగ్రత్త మంచిది కదా. కామెర్లకి టీకా ఉందట. నువ్వూ, మీ ఆయనా వేయించుకోండి. వేసేముందు రక్తం పరీక్ష చేయమని అడుగు. ఆ శ్యామ్ సుందర్ దగ్గర వద్దు, పెద్దాసుపత్రికి వెళ్ళు.

మూడో సిట్టింగుకి వెళ్ళకు. ఎవరినీ తీసుకెళ్ళకు. కారణం అడగవద్దు. అక్క చెప్పిందని ఒక్కసారి విను.

మొన్న ఫోను చేశాను. మీ అత్తగారు ఎత్తింది. నువ్వు వచ్చేదాకా ఆవిడ కదలలేదని నాకు వినపడుతూనే ఉంది. ఇటు మీ బావ. ఇద్దరం వానల గురించి మాట్లాడుకున్నాం.

మస్తాన్‌బీ

*

బ్రాడీపేట
11 డిసెంబరు 2008

అక్కా,

నీ ఉత్తరం చదివితే డాక్టరు చీటీలా ఉంది. దాచేపల్లి కామెర్లు గుంటూరుకి బస్సెక్కి వస్తాయా?

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొంచెం నలతగానే ఉంది. బక్రీద్ నాడు ఇంటినిండా జనం, నాకు మాత్రం మాంసం వాసన కూడా పడలేదు. వంటింట్లోకి వెళ్ళి తిరిగొచ్చేశాను. మెట్లెక్కితే మోకాళ్ళు పీకుతున్నాయి. ఒళ్ళంతా దురద. పొద్దున లేవగానే అలసట, మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. శ్యామ్ సుందర్ గారికి చెబితే, "అన్నీ ఆ వయసు లక్షణాలేనమ్మా. నెలసరి పూర్తిగా ఆగేదాకా ఇలాగే ఉంటుంది, మూడో సిట్టింగుతో అది కూడా తేలికపడుతుంది," అన్నాడు. టీకా మాట ఎత్తితే, "మీ అక్కగారికి భయమెక్కువ," అన్నాడు. నిజమే కదా?

అయినా ఒంటికి ఎలా ఉన్నా ముఖం మాత్రం వెలిగిపోతోందక్కా. గొప్ప కాదు, అందరూ అంటున్న మాట. పండగకి వచ్చిన మా ఆడపడుచు ఖుర్షిదా నా గడ్డం పట్టుకుని, "పెళ్ళికూతురికి పసుపు పెట్టినట్టుంది, ఏం తింటున్నావే?" అంది. మా ఆయన కూడా పేపరు పక్కనపెట్టి, "మంచి రంగొచ్చావే," అన్నాడు. ఏ క్రీముకీ రాని పసిమి ఇది. చేతులకి కూడా వచ్చింది. సూదులు ముఖానికేస్తే చేతులకెలా వచ్చిందో ఆ అల్లాకే తెలియాలి.

ఈ నెల ఇరవైన మూడో సిట్టింగు. ఈసారి ఇంకో రెండిళ్ళ వాళ్ళు వస్తున్నారు.

సఫూరా

*

దాచేపల్లి
15 డిసెంబరు 2008

సఫూరా,

ఇది చదివేటప్పుడు గది తలుపు వేసుకో.

రేపు పొద్దున బస్సుకి నేనే వస్తున్నాను. ఈ కవరు ఈ రాత్రికే సిమెంటు లోడుతో మీ పక్కన నల్లపాడు వచ్చే లారీ డ్రైవరు తోమా చేతికిచ్చి పంపుతున్నాను. నాకంటే ముందు నీకు చేరుతుంది. ఎదురుగా నిలబడి ఈ మాటలు చెప్పలేను. చెప్పబోయి మళ్ళీ వానల గురించి మాట్లాడతాను.

మా కాలనీలో కామెర్లు లేవు. నవంబరు మొదట్లో ఫ్యాక్టరీ వాళ్ళు రక్తదాన శిబిరం పెట్టారు. ఆడవాళ్ళం కూడా ఇచ్చాం. తర్వాత ఆసుపత్రి నుంచి నన్నొక్కదాన్నే పిలిచారు. "అమ్మా, మీ రక్తం మేం వాడలేం," అన్నారు. కామెర్ల వైరస్, బి రకం, నా ఒంట్లో ఉందట. ఏళ్ళుగా ఉండి ఉంటుందట. మనిషిని ఏమీ చేయకుండా అలా పడి ఉంటుందట కొందరిలో. ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్నారా అని అడిగారు. నరసరావుపేట సంగతి చెప్పాను. వాళ్ళు తలూపారు. అన్నం వల్ల, పలకరింపుల వల్ల రాదట. రక్తం వల్ల వస్తుందట. భార్యాభర్తల మధ్య వస్తుందట.

నాకు మొదట తట్టింది మీ బావ. ఆయనకి పరీక్ష చేయించాలంటే నాకున్నదేమిటో చెప్పాలి. వారం రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. తర్వాత ఒకనాడు మెంతులు ఏరుతూ ఉంటే దానయ్య చేతిలో రెండు ట్యూబులు కళ్ళముందుకొచ్చాయి.

అయినా నీకు నిజం రాయలేదు. టీకా అని రాశాను, కామెర్లు తిరుగుతున్నాయని రాశాను. ట్యూబులు మారలేదేమో, ఊరికే నిన్నెందుకు భయపెట్టడం అనుకున్నాను. అంతకంటే, నా రక్తం పాడైందన్న మాట నా చేత్తో రాయడానికి మనసొప్పలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. నీకు వచ్చినది పసిమి కాదు. అద్దం దగ్గరికి వెళ్ళి కంటి కింద రెప్ప లాగి చూసుకో. తెల్లగుడ్డు ఏ రంగులో ఉందో చూడు. నేను వచ్చేదాకా మందులేవీ మింగకు, పసర్లు తాగకు, ఉపవాసాలు ఉండకు. నేరుగా పెద్దాసుపత్రికి వెళదాం. మీ అత్తగారికి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

మస్తాన్‌బీ

*

బ్రాడీపేట
10 జనవరి 2009

అక్కకు,

ఇంటికి తెచ్చి తొమ్మిది రోజులైంది. పదహారు రోజులు ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నావు, మనిద్దరం దీని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. వార్డులో కిటికీ గురించి, పక్క మంచం ఆవిడ గురకల గురించి మాట్లాడుకున్నాం. అందుకే రాస్తున్నాను.

నీ మీద కోపం ఉంది. నీ రక్తం నాలోకి వచ్చినందుకు కాదు. ఆ ట్యూబు మీద గుర్తు వేసిన చెయ్యి నాది. నవంబరులో నువ్వు వానల గురించి మాట్లాడావు చూడు, దానికి. ఆ వానల మాటకీ నీ డిసెంబరు ఉత్తరానికీ నడుమ నేను ఇంకో ముగ్గురిని అక్కడ కూర్చోబెట్టాను. అప్పటికే నా రక్తంలోనూ అది ఉందట. అదే మిషను, అదే బల్ల, అదే దానయ్య.

ఇంట్లో నా కంచం వేరు చేశారు. అంటుకోదని డాక్టరు చెప్పినా, మా అత్తగారు, "ఆయన చదువుకున్నాడు, ఏమైనా చెబుతాడు," అంది. మా ఆయనకి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది, టీకా వేశారు. కలీం బావకి కూడా చేయించావా? అది రాయి. లివరు డాక్టరు నాకు ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు. "మీ వయసులో కొందరికి ఇది తిరగబెడుతుంది. తిరగబెడితే నా చేతిలో ఏమీ ఉండదు," అన్నాడు. పసుపు ఇంకా దిగలేదు.

శ్యామ్ సుందర్ క్లినిక్కు ఖాళీ చేశాడు. బోర్డు కూడా తీసేశారు. పోలీసులకి చెబుదామన్నాను. మా ఆయన చేతులు జోడించాడు. "యార్డులో తలెత్తుకోనివ్వవే. నా భార్య డబ్బులకి ఆడవాళ్ళని పోగుచేసిందంటారు." డబ్బు తీసుకోలేదని ఆయనకి తెలుసు. నమ్మేదెవరు?

నేను తీసుకెళ్ళిన వాళ్ళందరికీ కబురుపెట్టాను, ఇంటికి రమ్మని. ఇద్దరే వచ్చారు. రక్తం పరీక్ష చేయించుకోండమ్మా అని చెబితే, "మా ఆయనకి తెలిస్తే చంపుతాడు," అని ఒకావిడ లేచిపోయింది. రెండో ఆవిడ రసూల్‌బీ. అంతా విని, "డాక్టరు ఒంగోల్లో తెరిచాడు తెలుసా, నాకు ఫోను చేశాడు," అంది. వెళ్ళొద్దని చేతులు పట్టుకున్నాను. "నీకేదో వేరే జబ్బు వచ్చుంటుంది, సఫూరా. నాకు బానే ఉంది కదా. ఆ సెగలంటావా, అవి వయసువి," అని వెళ్ళిపోయింది.

ఆ క్లినిక్కు ఒంగోల్లో ట్రంకు రోడ్డు వెనక అట. నేను వెళ్ళాలి.

సఫూరా

*

దాచేపల్లి
16 జనవరి 2009

సఫూరా,

నీ కోపం నాకు సమ్మతమే. దాచిపెట్టుకోకుండా రాశావు, మంచిపని చేశావు.

మీ బావకి చెప్పాను. వంటింట్లో, ఆయన టీ తాగుతుండగా. గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. తర్వాత, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అన్నాడు. పరీక్షకి ఇచ్చాడు. ఇంకా రాలేదు.

ఒంగోలు నువ్వు వెళ్ళొద్దు. నేను వెళతాను. బస్సు కుదుపులకి, ఎండకి నీ ఒళ్ళు తట్టుకోదు. డాక్టరు చెప్పిన మాట నువ్వే రాశావు, తిరగబెడితే ఆయన చేతిలో ఏమీ ఉండదని. మంచం మీద ఉండు. ముఖం కోసం ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నావు, ఇప్పుడు ఎవరి ముఖాల కోసమో మళ్ళీ తెచ్చుకోకు.

నేను వెళ్ళి ఆ డాక్టరు ముందు నిలబడి అందరూ వినేట్టు చెబుతాను. మీ బావ తోడు వస్తానన్నాడు. పరీక్ష కాగితం రాగానే బయల్దేరతాం. అప్పటిదాకా ఆగు.

ఆగుతానని రెండు ముక్కలు రాయి.

మస్తాన్‌బీ

*

బ్రాడీపేట
2 ఫిబ్రవరి 2009

అక్కా,

ఆగలేదు. నువ్వు చెబితే వినరనుకున్నాను. నీ ముఖంలో ఏమీ కనపడదు, జబ్బు నీలో నిద్రపోతోంది. నాది కళ్ళకి కనపడుతుంది. మాటలెందుకు, నా ముఖమే తీసుకెళ్ళి వాళ్ళ మధ్య పెడదామనుకున్నాను. మా అత్తగారు నిద్రపోయాక, పట్టపగలే, వెనక మెట్ల మీదుగా దిగి, ఆటోలో బస్టాండుకి పోయి ఒంగోలు బస్సెక్కాను.

చిలకలూరిపేట దాటేసరికి కళ్ళు తిరిగాయి. రోడ్డు పక్కనంతా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. ఎర్రదనం చూస్తుంటే వాంతి వచ్చింది. పక్కసీటు ఆవిడ నీళ్ళిచ్చింది. దిగిపొమ్మని ఒళ్ళు చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

క్లినిక్కు గుంటూరుదానికంటే బాగుంది. చల్లని గది, మెత్తటి సోఫాలు. ఆరేడుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు, అందరూ మన వయసు వాళ్ళే. జతలు జతలుగా వచ్చారు. శ్యామ్ సుందర్ లోపలున్నాడు, కనపడలేదు. దానయ్య తలుపు సందులోంచి నన్ను చూసి గతుక్కుమన్నాడు. నేను కొంగు తీసి, ముఖమంతా కనపడేలా వెలుతురు పడే చోట కూర్చున్నాను.

పక్కనే ఒకావిడ, పేరు ఆరాధన అని చెప్పింది. అద్దంకి దగ్గర స్కూలు టీచరు. చేతిసంచిలోంచి కాగితం తీసి విసురుకుంటోంది, సెగ పట్టుకున్నట్టుంది. నన్ను చూసి విసరడం ఆపింది. చూసింది కదా, ఇక చెప్పొచ్చు అనుకున్నాను.

"మీరు ఇక్కడే చేయించుకున్నారాండీ?" అంది.

"అవునమ్మా, ఈ డాక్టరు దగ్గరే. అందుకే చెప్పడానికి వచ్చాను. చూడు నా ముఖం," అన్నాను.

"చూస్తున్నానండీ. ఎంత బాగా వచ్చిందో. నాకు భయంగా ఉండి పొద్దుట్నుంచీ వెళ్ళిపోదామా అనుకుంటున్నాను."

"ఇది బాగా రావడం కాదమ్మా. కామెర్లు. వేరేవాళ్ళ రక్తం నాకు ఎక్కింది."

ఆవిడ నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. "అందరూ మీలాగే పరాచికాలాడితే ఎలా అండీ? దిష్టి తగులుతుందని అలా చెబుతారు మా ఊళ్ళో కూడా," అంది. ఎదుటి సోఫాలో ఇద్దరు నా వైపు తిరిగి గుసగుసలాడుకున్నారు. వాళ్ళ కళ్ళల్లో అసహ్యం లేదక్కా. ఆశ ఉంది.

అప్పుడు నేను కంటి కింద రెప్ప లాగి చూపించాను. ఆవిడ నా భుజం మీద చెయ్యివేసి దగ్గరగా వంగి చూసింది.

"లోపల్నుంచే వచ్చిందండీ మీకు ఆ రంగు," అంది.

లోపల్నుంచి పేరు పిలిచారు. ఆవిడ లేచి, చీర సర్దుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళింది. నేను లేవబోయాను. కాళ్ళు లేవలేదు. తలుపు మూశారు. కాసేపటికి మిషను తిరగడం మొదలైంది.

సఫూరా